మా ఇంట్లో ఎవరూ లేరు

2001 ఫిబ్రవరిలో జనగణనకు వచ్చిన టీచరమ్మ మా ఇంటి గడపలో నిలబడి మరాఠీలో అడిగింది, "ఘరాత్ కోణీ అపంగ ఆహే కా?" అని. ఇంట్లో అంగవైకల్యం ఉన్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అర్థం. అవ్వ ఒళ్ళో బీడీల చాట ఉంది. తల ఎత్తకుండానే "కోణీ నాహీ" అన్నది. ఎవరూ లేరు.

నేను తడకకు అవతల, నాలుగడుగుల దూరంలో కూర్చుని తునికాకు కత్తిరిస్తున్నాను. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి నా రెండు కాళ్ళూ పోయినయి. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. రోజూ మూడు చక్రాల సైకిలు చేత్తో తిప్పుకుంటూ అశోక్ చౌక్ దగ్గర నా ఎస్టీడీ బూత్‌కు పోయేదాన్ని. ఆ రోజు లైను చెడిపోయి ఇంట్లో ఉన్నాను. టీచరమ్మ కాగితం మీద ఏదో గీత గీసి పక్కింటికి పోయింది. కత్తెర ఆపి కాసేపు అట్లనే కూర్చున్నాను.

అవ్వ మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఎందుకన్నదో నాకు తెలుసు. చెల్లెకు భివండి సంబంధం నడుస్తున్నది. రాత్రి అన్నం పెడుతూ తనే చెప్పింది. "ఇంట్ల ఒకతి ఇట్లున్నదని సర్కారు కాగితంల ఎక్కితె రేపు ఎవడన్న చూడడా? పుట్టే పిల్లలకు గూడ వస్తదంటరు బిడ్డా." పోలియో పురుగు వల్ల వచ్చేదే కానీ రక్తంలో వచ్చేది కాదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా ఆమె భయం పోలేదు. మన ఇండ్లలో ఈ భయం ఎంత పాతదో చదివేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఆ సంబంధం మాటలన్నీ నడిచింది నా బూత్ ఫోన్ మీదనే. ఇంట్లో ఫోన్ లేదు కదా. భివండి నుంచి ఫోన్ వస్తే నేనే ఎత్తి, పిల్లగాణ్ణి పంపించి బాపును పిలిపించేదాన్ని. బూత్ మీద అపంగ కోటా అని ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. 1996లో ఆ కోటా కిందనే నాకు అది దొరికింది. పెండ్లయిన చాలా ఏండ్లకు మరిది ఒకనాడు అన్నడు, "మాకు మొదటి రోజే తెలుసు వదినా. నువ్వు ఫోన్ ఎత్తి మాట్లాడే తీరు చూసే మా నాయిన ఈ ఇంటి పిల్లను చేసుకుందామన్నడు" అని. అంటే అవ్వ దాచింది సర్కారు దగ్గర ఒక్కచోటే అన్నమాట. ఊరంతటికీ కనిపించే నేను లెక్కలో మాత్రం లేకుండా పోయిన.

ఆ లెక్క సంగతి తర్వాత చదువుకున్నాను. బూత్‌లో గిరాకీ లేని వేళ పేపర్లు చదవడం నాకు అలవాటు. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది మన జనగణనలో వైకల్యం గురించి అడిగారు. 1991లో ఆ ప్రశ్నే తీసేశారు. మళ్ళీ 2001లో పెట్టించడానికి వికలాంగుల సంఘాలు ఢిల్లీలో గట్టిగా కొట్లాడాల్సి వచ్చింది. ఆ కొట్లాటలో ముందున్న వాళ్ళలో జావేద్ అబిదీ ఒకరు. ఆయన కూడా చక్రాల కుర్చీలోనే తిరిగేవాడు. ఎక్కడో ఢిల్లీలో ఒక మనిషి ఆ ప్రశ్నను కాగితం మీదికి తెచ్చిండు. షోలాపూర్‌లో మా గడప దగ్గరికి వచ్చేసరికి దానికి రెండు మాటల జవాబు దొరికింది.

2001 లెక్కలో దేశం మొత్తం మీద వికలాంగులు 2.19 కోట్లు. 2011లో 2.68 కోట్లు, అంటే నూటికి 2.21 మంది. అదే 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి ఒక పెద్ద నివేదిక తెచ్చినయి. దాని ప్రకారం ప్రపంచంలో నూటికి 15 మంది ఏదో ఒక వైకల్యంతో బతుకుతున్నారు. ప్రపంచంలో 15, మన దగ్గర 2. మనం అంత గట్టి మనుషులమా? కాదు. మా అవ్వ లాంటి అవ్వలు ఇంటింటా ఉన్నారు. దానితోపాటు, "అపంగ ఉన్నారా" అని అడిగితే మనసుకు తగిలే మొదటి మాట సిగ్గు. సిగ్గుతో అడిగిన ప్రశ్నకు సిగ్గే జవాబు.

లెక్కలో లేకపోతే ఏమైతదో మాకు 2010లో అర్థమైంది.

మా గల్లీకి సండాసులు కట్టించే పథకం వచ్చింది. విదేశీ సాయం డబ్బు. ముందుగా సర్వే చేశారు. నేను బూత్‌లో ఉన్నాను. సెల్లు ఫోన్లు వచ్చి గిరాకీ పోయినంక అక్కడే జిరాక్స్ మిషను పెట్టుకుని, ఫారాలు నింపి ఇస్తుంటిని. ఇంటికి వచ్చినవాళ్ళు అదే మాట అడిగారు. అవ్వ అలవాటుగా అదే జవాబు చెప్పింది. ఈసారి పెండ్లి సంబంధం కూడా ఏమీ లేదు. నాలుక తిరిగిన మాట, అంతే.

ఏడాదికి కొత్త సండాసులు లేచినయి. తెల్ల టైల్స్, నల్లా, లైటు, అన్నీ బాగున్నయి. ఎక్కడానికి నాలుగు మెట్లు. పట్టుకోవడానికి కడ్డీ లేదు. పాతవి నేలకు సమంగా ఉండేవి, ఎంత మురికివైనా చేతుల మీద జరుగుతూ పోగలిగేదాన్ని. కొత్తవాటికి తడి మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్క మెట్టూ చేతులతో ఎత్తుకుంటూ ఎక్కాలి. అవ్వ వెనుక బకెట్ పట్టుకుని రావాలి. చూడ్డానికి వచ్చిన ఇంజనీరును అడిగాను, వాలుదారి ఎందుకు పెట్టలేదు సాబ్ అని. ఆయన మంచిగనే మాట్లాడిండు. ఫైలు తెరిచి చూపించిండు. "బాయీ, మా కాగితంల ఈ గల్లీకి ఎదురుగ సున్నా ఉన్నది. లేనివాళ్ళ కోసం ఎట్ల కట్టాలె?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సున్నా ఎవరు పెట్టించారో నాకు తెలుసు కనుక.

2013 వానకాలంలో, నాకోసం బకెట్ తీసుకుని ఎక్కుతూ, మూడో మెట్టు మీద అవ్వ జారింది. తుంటి ఎముక విరిగింది. చెల్లె భివండి నుంచి వచ్చి గాజులు కుదువపెట్టి ఆపరేషన్ చేయించింది. మూడు నెలలు అవ్వ మంచంలో ఉంటే, ముప్పై ఏళ్ళకు పైగా నన్ను ఎత్తిన మనిషికి నేను కూర్చున్నచోటి నుంచే అన్నం వండి తినిపించాను. ఒకనాడు గోడ వైపు తిరిగి పడుకుని అన్నది, "నేనే లేరన్న. గందుకే మెట్లు కట్టిరి" అని. ఊరుకో అవ్వా అన్నాను గానీ, కాదని మాత్రం అనలేకపోయిన.

మా గల్లీలో జరిగినదే ప్రపంచం మొత్తం మీద జరిగిందని అప్పటికి నాకు తెలియదు. 2000లో దేశాలన్నీ కలిసి పేదరికం తగ్గించడానికి సహస్రాబ్ది లక్ష్యాలు పెట్టుకున్నయి. 8 లక్ష్యాలు. ఆకలి, బడి, తల్లీబిడ్డల ఆరోగ్యం, నీళ్ళు, అన్నీ ఉన్నయి. వికలాంగుల ఊసు ఒక్కచోట కూడా లేదు. ఆ లక్ష్యాల వెంబడి కోట్ల డాలర్ల సాయం పేద దేశాలకు పారింది. లక్ష్యంలో పేరు లేనివాళ్ళను ఎవరు వెతుకుతారు? బడి కట్టారు, మెట్లతో కట్టారు. బోరింగు వేశారు, ఎత్తు గద్దె మీద వేశారు. ఎవరికీ చెడు చేయాలని కాదు. మా ఇంజనీరు లాగానే, కాగితంలో సున్నా ఉంది.

దీని మీద వికలాంగులే లేచారు. 1980లో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో పునరావాస నిపుణుల ప్రపంచ సభ జరిగితే, మాకూ మీతో సమానంగా చోటివ్వండి అని అక్కడికి వచ్చిన వికలాంగులు అడిగారు. సభ ఒప్పుకోలేదు. వాళ్ళు బయటికి వచ్చి, మరుసటి ఏడాది సింగపూర్‌లో తమ సొంత ప్రపంచ సంఘం పెట్టుకున్నారు. మా గురించిన ఏ మాటా మేము లేకుండా వద్దు అన్న నినాదం తర్వాత దేశదేశాలూ తిరిగింది. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. మన దేశం 2007 అక్టోబరులోనే దానికి కట్టుబడింది. అందులో 31వ అధికరణం వికలాంగుల లెక్కలు సరిగ్గా తీయాలంటుంది. 32వది, దేశాల మధ్య నడిచే అభివృద్ధి సాయం వికలాంగులకు కూడా అందేటట్టు ఉండాలంటుంది. ఈ రెండూ పక్కపక్కనే ఉండడం నాకు భలే నచ్చింది. లెక్క తప్పితే సాయం తప్పుతుందని మా గల్లీ మెట్లు నాకు ముందే నేర్పినయి.

2018లో మళ్ళీ సర్వే వాళ్ళు వచ్చారు. పుణె నుంచి ఇద్దరు ఆడపిల్లలు, చేతుల్లో ట్యాబులు. ఈసారి నేను ఇంట్లోనే ఉన్నాను. ఇక "ఎవరన్నా అపంగ ఉన్నారా" అంటారని కాచుకుని ఉంటే, ఆ మాటే రాలేదు. ఆరు ప్రశ్నలు అడిగారు. కళ్ళద్దాలు పెట్టుకున్నా చూడడానికి ఇబ్బంది ఉందా? చెవి మిషను పెట్టుకున్నా వినడానికి ఇబ్బందా? నడవడానికి, మెట్లు ఎక్కడానికి? గుర్తుపెట్టుకోవడానికి, మనసు నిలపడానికి? ఒళ్ళు కడుక్కోవడానికి, బట్టలు వేసుకోవడానికి? చెప్పింది ఎదుటివాళ్ళకు అర్థం కావడానికి? ఒక్కొక్కదానికి నాలుగు జవాబులు. ఇబ్బంది లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. ఒక్కదాంట్లోనైనా చాలా ఉంది అని గానీ చేయలేను అని గానీ చెప్తే ఆ మనిషి లెక్కలోకి వస్తాడు. వాషింగ్టన్ గ్రూపు అని ఐక్యరాజ్యసమితి గణాంకాల వాళ్ళ కింద 2001లో ఏర్పడిన బృందం తయారుచేసిన ప్రశ్నలట. ఏ దేశంలోనైనా ఒకేలా అడగవచ్చు. వైకల్యం అన్న మాటే వాటిలో లేదు.

మొదట బాపును అడిగారు. "వినడానికి ఇబ్బంది ఉందా కాకా?"

"ఆ?" అన్నడు బాపు.

"వినడానికీ..."

"గట్టిగ చెప్పు బిడ్డా!"

ఆ పిల్ల నవ్వుకుని చాలా ఇబ్బంది అని నొక్కింది. మేమూ నవ్వాం. తర్వాత నాకు నవ్వు ఆగిపోయింది. బాపు 17 ఏళ్ళకు పనికి ఎక్కిండు. మొదట మిల్లులో, మిల్లు బందైనంక మగ్గాల కార్ఖానాలో, మొత్తం 41 ఏళ్ళు చద్దర్లు, తువ్వాళ్ళు నేసిండు. ఎనిమిది గంటల పనికి చప్పుడు 90 డెసిబెళ్ళు దాటొద్దని ఫ్యాక్టరీ నియమాలున్నయి. కార్ఖానాలో పక్కవాడికి ఒక మాట చెప్పాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి, లేకపోతే చేతి సైగ. మన మగ్గాల ఇండ్లలో అందరం గట్టిగా మాట్లాడుతాం, చుట్టాలు వస్తే కొట్లాడుతున్నరా అని అడుగుతరు. అది మన అలవాటు అనుకున్నాం. బాపు చెవులు పోయినయని ఇరవై ఏళ్ళు ఎవరమూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. "మాగ్ మీద పనిచేసినోనికి గంతే" అంటుండె. నన్ను చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్న మనిషి, తనకు జరిగిన నష్టానికి పేరు కూడా పెట్టుకోలేదు.

అవ్వ నడవడానికి చాలా ఇబ్బంది అన్నది. నేను చేయలేను అన్నాను. 2001లో ఒక్కరూ లేని ఇంట్లో ముగ్గురం తేలినం.

ఆ పిల్లలకు తెలుగు రాదు, గల్లీలో ముసలివాళ్ళకు మరాఠీ అంతంత మాత్రం. అందుకని వారం రోజులు నా సైకిలు మీద వాళ్ళ వెంట తిరిగాను. తిరిగినకొద్దీ మనుషులు బయటపడ్డారు. కండెలు చుట్టే ఒక వదిన, బీడీ కట్టకు దారం కట్టడం కనిపించక రెండేళ్ళుగా కోడలితో కట్టిస్తున్నది. ఒక కాకకు బీము పడి చేతి వేళ్ళు మూడు పోయినయి, అంగీ గుండీ పెట్టుకోలేడు. పద్నాలుగేళ్ళ పిల్లగాణ్ణి వెనుక గదిలో ఉంచి, అడగ్గా అడగ్గా చూపించారు. వాళ్ళమ్మ అక్కడే ఏడ్చింది. మా అవ్వ గొంతే ఆమె నోట వినిపించింది నాకు. ఆమెను నేను ఏమీ అనలేదు. నా కత చెప్పాను. అపంగ అని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉండే గల్లీలో, ఆరు ప్రశ్నలు అడిగేసరికి నా నోట్‌బుక్కులో పేజీలు నిండినయి.

తర్వాత మీటింగు పెట్టారు, సండాసులు మరమ్మతు చేయడానికి. పిలుపు వచ్చింది, సంతోషంగా పోయిన. చూస్తే హాలు రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. ఇద్దరు కుర్రవాళ్ళు దిగివచ్చి, "ఎత్తుకుపోతం అక్కా" అన్నారు. ఒక్క నిమిషం ఊగిసలాడిన. కాదంటే కోపం వస్తుందేమో, పథకం పోతుందేమో, గల్లీ అంతా నన్నే అంటుందేమో. నలభై ఏడేళ్ళు ఎవరో ఒకరు ఎత్తుకుంటేనే ఎక్కడికైనా పోయిన. "వద్దు తమ్మీ, వాళ్ళనే కిందికి రమ్మను" అన్నాను. గొంతు వణికింది. పావుగంట ఎవరూ రాలేదు. ఆ పావుగంట నాకు చాలా పొడుగైంది. తర్వాత ఒక్కొక్కరే దిగివచ్చారు. పక్క కార్ఖానా ముందర చాపలు వేసుకుని మీటింగు జరిగింది. కింద జరిగింది కనుక బాపూ వచ్చిండు, చేతి వేళ్ళు పోయిన కాకా వచ్చిండు, అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది.

వాలుదారి కట్టడానికి ఒప్పుకున్నారు. మేస్త్రీ వచ్చి ఆరడుగుల పొడవుతో గీత గీసిండు. నేను ఒప్పుకోలేదు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు వాలు ఉండాలన్నది లెక్క. నాలుగు మెట్లు రెండడుగుల ఎత్తు, అంటే 24 అడుగులు కావాలి. ఆరడుగులకు కడితే నా సైకిలు వెనక్కి దొర్లుతుంది. "గంత జాగ యాడుంది అక్కా?" అన్నడు మేస్త్రీ. జాగ నిజంగానే లేదు. బాపు కర్రతో నేల మీద గీసి చూపించిండు, 12 అడుగులు పోనిచ్చి, అక్కడ మళ్ళడానికి చదునుగా చోటు పెట్టి, మళ్ళీ 12 అడుగులు వెనక్కి తిప్పు అని. దారం మడతేసినట్టు. అట్లనే కట్టారు. రెండు పక్కలా కడ్డీ పెట్టారు. ఒక గది తలుపు వెడల్పు చేశారు.

ఇప్పుడు దాని మీద నేనూ అవ్వా పోతున్నాం. నిండు చూలాలు పోతున్నది, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి పోతున్నది, మోకాళ్ళు అరిగిన కార్ఖానా ముసలివాళ్ళందరూ పోతున్నారు. మెట్లు ఖాళీగానే ఉంటున్నయి.

మా మేనత్త కొడుకు తెలంగాణలో మహబూబ్‌నగర్ వైపు ఉంటడు. ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన వెలుగు పథకంలో మహిళా సంఘాలతోపాటు వికలాంగుల సంఘాలు కూడా పెట్టారని, తను అందులో ఉన్నాడని చెప్తడు. "పింఛను కంటే నలుగురం ఒక్కచోట కూర్చునుడే పెద్ద లాభమైంది" అంటడు. మన షోలాపూర్ గల్లీల్లో అదింకా రాలేదు. సంఘం అంటే మనకు యూనియన్ తెలుసు, కులసంఘం తెలుసు. ఈ సంఘం కూడా కావాలి.

ఇది చదివే ఇండ్లకు రెండు మాటలు. 2016లో వచ్చిన కొత్త చట్టం 7 రకాల వైకల్యాలను 21 రకాలు చేసింది. చెవుడు, తక్కువ చూపు, మానసిక జబ్బు, తలసీమియా కూడా వాటిలో ఉన్నయి. మీ ఇంట్లో మగ్గం మీద చెవులు పోయినవాళ్ళుంటే పరీక్ష చేయించండి. రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ళు, ఆ పైన వినికిడి పోతే చట్టం లెక్కలోకి వస్తుంది. సర్టిఫికెట్‌కూ యూడీఐడీ కార్డుకూ కలిపి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. బాపుకు అట్లనే పెట్టాను. చెవి మిషను వచ్చింది. మొదటి రోజు పెట్టుకుని, "ఇంట్ల గింత లొల్లి ఉంటదా?" అని తీసి తంబాకు డబ్బాలో పెట్టిండు. ఇప్పుడు మనవరాలు ఫోన్ చేసినప్పుడు మాత్రం పెట్టుకుంటడు.

రెండో మాట. 2027లో మళ్ళీ జనగణన వస్తున్నది. 2011 తర్వాత ఇన్నేండ్లకు వస్తున్నది. టీచరమ్మ ఏ తీరుగా అడిగినా సరే, వెనుక గదిలో ఉన్న మనిషిని కూడా చెప్పండి. చెవులు వినపడని తాతను చెప్పండి. పెండ్లి సంబంధాలు పోతాయని భయపడకండి, మా మరిదిని అడగండి.

అవ్వకు ఇప్పుడు 78. మొన్న ఈ వ్యాసం రాస్తూ, నీ సంగతి రాయనా అవ్వా, నలుగురూ చదువుతరు అని అడిగిన. చాట పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నది. "రాయి. గానీ ఒకటి గూడ రాయి. ఈపారి టీచరమ్మ వస్తె నువ్వు మాట్లాడకు, నేనే చెప్త. ముగ్గురమున్నమని" అన్నది.